గొరిల్లాల కోసం కొండెక్కారు.. వాటి పక్కనే సమాధి అయ్యారు! ఎవరీ డయాన్ ఫాసీ?

రువాండాలోని విరుంగా కొండల్లో ఓ శ్మశానం ఉంది. అక్కడున్న సమాధులు గొరిల్లాలవి. వాటి మధ్యలోనే ఓ మనిషి సమాధి కూడా ఉంది. ఆమే డయాన్ ఫాసీ. గొరిల్లా అంటే మనుషుల్ని చంపే మృగం అని జనం నమ్మే రోజుల్లో, వాటి మధ్యకెళ్లి కూర్చున్న శాస్త్రవేత్త.

అప్పు చేసి ఆఫ్రికాకి..

1932లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టారు ఫాసీ. జంతువుల డాక్టర్ కావాలనుకున్నారు కానీ సైన్స్ సబ్జెక్టుల్లో ఫెయిలయ్యారు. దాంతో కోర్సు మార్చుకుని, లూయీవిల్‌లోని పిల్లల ఆస్పత్రిలో థెరపిస్టుగా చేరారు. కానీ మనసంతా ఆఫ్రికా మీదే. 1963లో అప్పు చేసి మరీ వెళ్లారు. అక్కడే శిలాజాల పరిశోధకుడు లూయీ లీకీని కలిశారు. తొలిసారి గొరిల్లాలనూ చూశారు.

ఆది మానవులు ఎలా బతికారో ఎముకలు ఒక్కటే చెప్పలేవు, మనకు దగ్గరి బంధువులైన వానరాలను గమనిస్తే ఆధారాలు దొరుకుతాయి అన్నది లీకీ ఆలోచన. అప్పటికే చింపాంజీల దగ్గరికి జేన్ గుడాల్‌ను పంపారు. గొరిల్లాల కోసం ఫాసీని ఎంచుకున్నారు. అడవిలో ఆస్పత్రి ఉండదు కాబట్టి ముందే అపెండిక్స్ తీయించుకోమన్నారట. ఆమె నిజంగానే ఆపరేషన్ చేయించుకున్నారు. తీరా చూస్తే అది ఆమె పట్టుదలకు పెట్టిన పరీక్ష మాత్రమే!

ముక్కు చూసి పేరు

1967 జనవరిలో కాంగోలోని కబారాలో పని మొదలైంది. ఆరు నెలలకే అక్కడ అల్లర్లు. సైనికులు ఆమెను కొండ దింపేశారు. తప్పించుకుని ఉగాండా చేరారు. ఇక చాలు అనుకోలేదు. అదే ఏడాది సెప్టెంబర్ 24న సరిహద్దుకు ఇవతల, రువాండాలో కొత్త క్యాంప్ వేశారు. కరిసింబి, విసోకె అనే రెండు అగ్నిపర్వతాల మధ్య ఉంది కాబట్టి రెండు పేర్లూ కలిపి కరిసోకే అన్నారు. ఎత్తు సుమారు 3,000 మీటర్లు. ఎప్పుడూ చలి, వాన, బురద.

మనిషిని చూస్తే గొరిల్లాలు పారిపోయేవి. అందుకే ఫాసీ వాటిలాగే వంగి నడిచారు, ఆకులు నమిలారు, అవి తృప్తిగా ఉన్నప్పుడు చేసే శబ్దాలు చేశారు. మనకు వేలిముద్రలు ఎలాగో గొరిల్లాలకు ముక్కు మీద ముడతలు అలాగ. ఆ ముడతల బొమ్మలు గీసుకుని ఒక్కోదాన్ని గుర్తుపట్టి పేర్లు పెట్టారు. 1970లో పీనట్స్ అనే మగ గొరిల్లా తనంతట తానే వచ్చి ఆమె చేతిని తాకింది.

ఏళ్ల తరబడి చూస్తే అసలు సంగతులు బయటపడ్డాయి. ఆకులు, కాడలే వాటి ప్రధాన ఆహారం. గుండెలు బాదుకుంటూ మీదకు రావడం ఎక్కువగా బెదిరింపే. వయసొచ్చిన ఆడవి తరచూ పుట్టిన గుంపు వదిలి వేరే గుంపులో చేరతాయి. బయటి మగవి కొన్నిసార్లు పిల్లల్ని చంపేస్తాయి. ఈ పరిశోధనకే కేంబ్రిడ్జ్ డాక్టరేట్ ఇచ్చింది.

డిజిట్ చావుతో అంతా మారింది

చెయ్యి వేలు దెబ్బతినడంతో డిజిట్ అని పేరు పెట్టిన గొరిల్లా అంటే ఆమెకు ప్రాణం. పదేళ్లపాటు కళ్ల ముందే పెరిగింది. 1977 డిసెంబర్ 31న వేటగాళ్లు దాన్ని పొడిచి చంపి తల, చేతులు నరుక్కుపోయారు. అది ఎదురు నిలవడం వల్లే మిగతా గుంపు తప్పించుకుంది.

అప్పట్నుంచి నోట్‌బుక్ పక్కకెళ్లింది, కాపలా ముందుకొచ్చింది. 1978లో డిజిట్ పేరుతో నిధి పెట్టారు. ఉచ్చులు తెంచేయించారు, గస్తీ తిప్పారు. వేటగాళ్లను పట్టుకుని భయపెట్టారు, అడవిలోకి వచ్చిన పశువుల్నీ పట్టుకున్నారు. ఆ పేద గ్రామాల కష్టం ఆమెకు పట్టలేదనే విమర్శ ఇప్పటికీ ఉంది. గొరిల్లా టూరిజాన్ని కూడా వ్యతిరేకించారు. శత్రువులు పెరిగారు.

1983లో ఆమె రాసిన గొరిల్లాస్ ఇన్ ది మిస్ట్ పుస్తకం వచ్చింది. రెండేళ్లకే, 1985 డిసెంబర్ 27 ఉదయం, తన క్యాబిన్‌లోనే హత్యకు గురై కనిపించారు. వయసు 53. తోటి అమెరికన్ పరిశోధకుడొకరిని రువాండా కోర్టు, అతను దేశంలో లేకుండానే, దోషిగా తేల్చింది. తాను చేయలేదని ఆయన చెబుతూ వచ్చారు. అనుమానాలు మాత్రం తీరలేదు. ఆమెను డిజిట్ పక్కనే పాతిపెట్టారు.

ఇప్పుడు పరిస్థితి ఏంటి?

1981 నాటికి విరుంగాలో మిగిలినవి సుమారు 250. 2015-16 లెక్కల్లో 604. ఇందులో ఫాసీ కాపలా ఉంది, ఆమె వద్దన్న టూరిజం డబ్బూ ఉంది. రెండూ నిజమే.

2005 నుంచి రువాండాలో పుట్టిన గొరిల్లా పిల్లలకు వేడుకగా పేర్లు పెడుతున్నారు. అచ్చం మన బారసాలలాగే. గుర్తుపట్టడం కోసం ఒకావిడ మొదలుపెట్టిన పని, ఇప్పుడు ఓ దేశానికి పండగ.