బడిపంతులు తెచ్చిన బంగారు పతకం

భారత ఫుట్‌బాల్ చరిత్రలో హైదరాబాదు నగరానికి గల స్థానాన్ని తలచుకున్నప్పుడు ముందుగా స్ఫురించే నామధేయం సయ్యద్ అబ్దుల్ రహీం. 1909 ఆగస్టు 17న ఆ నగరంలోనే జన్మించిన రహీం గారు వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. కాచిగూడ, చంచల్‌గూడ పాఠశాలల్లో పాఠాలు చెప్పిన ఈ పంతులుగారే తరువాత దేశపు జట్టుకు గురువయ్యారు. ఒక పాఠశాల సంచికలో ఆయనను స్మరించుటకు ఇంతకన్న వేరు కారణం అక్కరలేదు.

1950 మొదలు ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టును, జాతీయ జట్టును తీర్చిదిద్దారు. పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పు గెలుచుకున్నది. ఆయన బోధనాపద్ధతి విలక్షణమైనది. బంతిని ఒంటరిగా నడిపించుకుపోరాదన్న నిబంధనతో కొన్ని పోటీలు, వాటం లేని కాలితోనే ఆడవలెనన్న నిబంధనతో మరికొన్ని పోటీలు నిర్వహించేవారు. లోపమున్న చోటనే అభ్యాసం ఎక్కువ చేయించడం మంచి పంతులు లక్షణం కదా!

1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం లభించింది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో, అత్యధికులు పాదరక్షలు లేకుండానే ఆడిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో పరాజయం పొందింది. ఆ అవమానం నుండి తేరుకొని 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం సాధించింది.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే రహీం గారిని ఊపిరితిత్తుల క్యాన్సర్ పీడిస్తున్నది. తొలి ఆటలోనే దక్షిణ కొరియాతో 2-0 తేడాతో ఓటమి. థాయిలాండ్‌పై గెలిచిన ఆటలో వెనుకవరుస యోధుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం గారు అతనిని కూర్చోబెట్టలేదు. తలకు కట్టుతోనే ముందువరుసకు పంపారు! సాహసమే అనాలి. అయినా సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై అతడు గోలు చేశాడు, జట్టు 3-2తో గెలిచింది.

సెప్టెంబరు 4న ఫైనల్. ప్రత్యర్థి మళ్లీ దక్షిణ కొరియాయే. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఈ క్రీడలకు రానీయకపోవడాన్ని భారత ప్రతినిధి జి.డి. సోంధీ విమర్శించినందున స్టేడియంలోని సుమారు లక్షమంది జనం మనవారిపై ఆగ్రహంతో ఊగిపోతున్నారు. గోలుముందు హైదరాబాదు బిడ్డ పీటర్ తంగరాజ్; మైదానంలో సికింద్రాబాదు బలరామ్, హైదరాబాదు యూసుఫ్ ఖాన్. ఆ హోరులోనే 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, మూడు నిమిషాలకే జర్నైల్ గోళ్లు సాధించారు. ఆట ముగియవచ్చిన వేళ కొరియా ఒక గోలు చేసినా, 2-1తో స్వర్ణం మనదైనది.

ఏడాదైనా గడవకముందే, 1963 జూన్ 11న, రహీం గారు కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశం ఆ తరువాత గెలుచుకున్నది 1970 నాటి కాంస్య పతకం ఒక్కటే.