చదువును అమానత్‌గా భావించిన రాస్ మసూద్

దివ్యఖుర్ఆన్‌లో మొట్టమొదట అవతరించిన వాక్యం చదవమనే ఆదేశంతో ప్రారంభమయిందన్న సంగతి మనందరికీ తెలిసిందే. విద్యార్జన ప్రతి ముస్లిం మీద విధి అని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. అయితే ఆ చదువు కోసం ఎంత దూరం వెళ్ళవచ్చు? పరాయి దేశంలో, పరాయి భాషలో, పరాయి మతస్థుల మధ్య పెరిగిన పిల్లవాడు మళ్ళీ మనవాడుగా తిరిగి వస్తాడా?

మా దౌల్తాబాద్‌లో ఒక శుక్రవారం జుమా నమాజు తర్వాత మసీదు మెట్ల మీద ఒక తండ్రి నన్ను ఈ మాటే అడిగారు. ఆయన కుమారునికి ఇంగ్లాండులో సీటు వచ్చింది. ఉన్న పొలంలో కొంత అమ్మి పంపించడానికి ఆయన సిద్ధంగానే ఉన్నారు. ఆయన భయం డబ్బు గురించి కాదు. నేను అప్పటికప్పుడు అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. నూరేళ్ళకు పైగా ముందు ఇంగ్లాండు వెళ్ళి, చదువుకుని, తిరిగి వచ్చి, మన హైదరాబాదులో పన్నెండేళ్ళు పనిచేసిన ఒక విద్యార్థి జీవితం చెప్పాను. ఆయనే సర్ సయ్యద్ రాస్ మసూద్. ఆ జీవితాన్నే ఈ వారం పాఠకుల ముందు ఉంచుతున్నాను.

తాతగారి ఆశ, తండ్రిగారి కష్టం

రాస్ మసూద్ 1889 ఫిబ్రవరి 15న ఢిల్లీలో జన్మించారు. అలీగఢ్ కళాశాల స్థాపకులు సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారికి ఈయన స్వయానా మనవడు. సర్ సయ్యద్ గారు 1869లో కుమారులను వెంటబెట్టుకుని ఇంగ్లాండు వెళ్ళారు. అక్కడి విశ్వవిద్యాలయాలను కళ్ళారా చూసి వచ్చిన తర్వాతనే అలీగఢ్‌లో 1875లో పాఠశాలను, 1877లో కళాశాలను నెలకొల్పారు. ఆ రోజుల్లో ఆయన మీద ఎన్నో ఫత్వాలు వచ్చాయి. మా మదరసాల పెద్దలు కొందరు ఆయనను తీవ్రంగా దూషించారు. ఆయన భావాలన్నిటితో మనం ఏకీభవించవలసిన పని లేదు. కాని తన జాతి అజ్ఞానంలో ఉండిపోతుందన్న ఆయన బాధ మాత్రం నిజమైనది.

మసూద్ బిస్మిల్లా వేడుక జరిగిన తీరు చెప్పుకోదగ్గది. అలీగఢ్‌లోని స్ట్రాచీ హాలులో, విద్యా మహాసభకు వచ్చిన పెద్దలందరి ఎదుట ఆ వేడుక జరిగింది. బాలుడు తాతగారి చిరకాల మిత్రుడు రాజా జైకిషన్ దాస్ గారి ఒడిలో కూర్చున్నాడు. ఒక ముస్లిం బాలుడు ఒక హిందూ పెద్దమనిషి ఒడిలో కూర్చుని అల్లాహ్ పేరుతో మొదటి అక్షరం పలికాడన్నమాట.

తండ్రి సయ్యద్ మహమూద్ గారు కేంబ్రిడ్జిలో చదివిన వారు. 1872లో బారిస్టరయ్యారు. 1887లో అలహాబాద్ హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఆయన రాసిన తీర్పులను న్యాయవాదులు ఎంతో గౌరవంగా చెప్పుకునేవారు. అయితే అంతటి మేధావి మద్యపాన వ్యసనానికి లోనయ్యారు. ప్రధాన న్యాయమూర్తితో విభేదాలు కూడా తోడై 1893లో పదవి వదులుకున్నారు. కుమారుని వ్యసనం వల్ల సర్ సయ్యద్ గారి చివరి రోజులు దుఃఖంలో గడిచాయి. 1898లో తాతగారు, 1903లో తండ్రిగారు ఇహలోకం వీడారు. పద్నాలుగేళ్ళ మసూద్ తండ్రిలేని బిడ్డ అయ్యాడు.

కనుక మసీదు మెట్ల మీద ఆ తండ్రి చెప్పిన భయం ఉత్తి భయం కాదు. ఇంగ్లాండు చదువు ఎంత ఎత్తుకు తీసుకుపోతుందో, మనిషి తనను తాను కాపాడుకోకపోతే ఏమవుతుందో, రెండూ మసూద్ తన ఇంట్లోనే చూశారు. అయినా తాను ఆ దారినే వెళ్ళారు.

లాటిన్ పాఠాల స్నేహం

అలీగఢ్ కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేసిన థియోడర్ మారిసన్ గారు మసూద్ సంరక్షణ బాధ్యత వహించారు. ఆయన ఇంగ్లాండులో వేబ్రిడ్జ్ అనే ఊళ్ళో ఉండేవారు. ఆక్స్‌ఫర్డ్‌లో చేరాలంటే లాటిన్ రావాలి. ఆ ఊళ్ళోనే తల్లితో కలిసి ఉంటున్న ఇరవై ఏడేళ్ళ యువ రచయిత ఒకాయన 1906లో పాఠాలు చెప్పడానికి ఒప్పుకున్నారు. ఆయనే తర్వాత లోకప్రసిద్ధుడయిన ఇ.ఎం. ఫార్‌స్టర్. పదిహేడేళ్ళ శిష్యునికి లాటిన్ మీద శ్రద్ధ అంతంతమాత్రమే. ఉర్దూ కవిత్వం అంటే మాత్రం ప్రాణం. గురువుగారు లాటిన్ ఎంత నేర్పారో గాని, శిష్యుడు గురువుగారికి హిందూస్థాన్ మీద ప్రేమ నేర్పాడు. మసూద్ పరిచయం కాకపోతే తనకు ఈ దేశమే తెలిసి ఉండేది కాదని ఫార్‌స్టర్ తర్వాత రాసుకున్నారు.

మసూద్ ఆక్స్‌ఫర్డ్‌లో న్యూ కాలేజీలో చేరారు. పేరుకు అది కొత్త కళాశాల. దాన్ని స్థాపించింది 1379లో. మదరసాలో చదువుకున్న నా వంటి వారికి ఈ విషయంలో ఒక ఆశ్చర్యం, ఒక పాఠం ఉన్నాయి. ఆ కళాశాలను కట్టించింది ఒక బిషప్పు. చర్చికి సేవ చేసే పండితులను తయారుచేయడం ఆయన ఉద్దేశం. కళాశాలకు రాసి ఇచ్చిన మాన్యాల మీద నడవడం, విద్యార్థులు గురువులతో ఒకే చోట నివసించడం, ఒకే పంక్తిలో భోంచేయడం, ఇవన్నీ మన వక్ఫు భూముల మీద నడిచిన పాత మదరసాలను గుర్తుకు తెస్తాయి. అక్కడ 1636లోనే అరబీ భాషకు ఆచార్య పదవి ఏర్పాటయింది. ఇంగ్లాండు చర్చికి చెందనివారి మీద ఉన్న మతపరమైన ఆంక్షలు చాలావరకు 1871 చట్టంతో తొలగిపోయాయి. వాళ్ళు ధార్మిక విద్యతో మొదలుపెట్టి లోకవిద్యలన్నిటికీ తలుపులు తెరిచారు. ఒకప్పుడు బాగ్దాదులో, కర్తుబాలో మనవాళ్ళూ ఆ పనే చేశారు. తర్వాత మనం తలుపులు మూసుకున్నాం.

మసూద్ 1910లో ఆక్స్‌ఫర్డ్ పట్టా పుచ్చుకున్నారు. 1912లో బారిస్టరయి స్వదేశం చేరుకున్నారు. ఆక్స్‌ఫర్డ్ ఆయనకు ఇచ్చిన వాటిలో ముఖ్యమైనది తెల్లవాడి ముందు తలవంచని ధైర్యం. ఒకసారి రైలు డబ్బాలో ఆయన పడుకుని ఉండగా ఒక ఆంగ్లేయ అధికారి వచ్చి లేచి బయటికి పొమ్మని గద్దించాడు. మసూద్ కదలకుండా, తల పగలగొట్టించుకోవాలని ఉందా అని నెమ్మదిగా అడిగారు. ఆ అధికారి తెల్లబోయి క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ ప్రయాణంలోనే ఇద్దరూ మిత్రులయ్యారట.

ఆయన పాట్నాలో వకీలుగా కొద్దికాలం ఉన్నారు. 1913 జనవరిలో ఫార్‌స్టర్ అక్కడికి వచ్చినప్పుడు బరాబర్ గుహలు చూసే ఏర్పాటు చేసింది మసూదే. ఆ గుహలే కొత్త పేరుతో ఫార్‌స్టర్ నవల ఏ పాసేజ్ టు ఇండియాలోకి వచ్చాయి. 1924లో వెలువడిన ఆ నవలను ఆయన మసూద్‌కే అంకితమిచ్చారు. వకీలు వృత్తి మసూద్ మనసుకు ఎక్కలేదు. విద్యాశాఖలో చేరి పాట్నాలోను, కటక్‌లోని రావెన్‌షా కళాశాలలోను పనిచేశారు.

హైదరాబాదులో పన్నెండేళ్ళు

1916లో నిజాం ప్రభుత్వం ఆయనను నాజిమె తాలీమాత్, అంటే విద్యాశాఖ డైరెక్టరుగా పిలిపించుకుంది. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్ళు. ఈ దౌల్తాబాద్, కొడంగల్, తాండూరు ప్రాంతాలు ఆ రోజుల్లో గుల్బర్గా జిల్లాలోవి. రాజ్యంలో అక్షరం తెలిసినవారు నూటికి పదిమంది కూడా లేరు. కలిగినవారి పిల్లలు మాత్రం వాడి, బొంబాయి మీదుగా ఓడెక్కి ఇంగ్లాండు వెళ్ళేవారు. వాళ్ళను మోసుకుపోయే రైలు మన వికారాబాద్, తాండూరు స్టేషన్ల మీదుగానే పోయేది. పట్టాల పక్కన పశువులు కాసే పిల్లవాడికి ఆ చదువు ఎలా అందుతుంది? మసూద్ వంటి వారి ముందున్న అసలు ప్రశ్న ఇదే.

దీనికి జవాబుగా ఒక సాహసం జరిగింది. అక్బర్ హైదరీ గారి ప్రతిపాదన మీద 1917లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా జారీ చేశారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపన జరిగి, 1919లో తరగతులు మొదలయ్యాయి. బోధన అంతా ఉర్దూలో. ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశం. దేశంలోని విశ్వవిద్యాలయాలన్నీ ఇంగ్లీషులో బోధిస్తున్న రోజులవి. రసాయన శాస్త్రం, వైద్యం, ఇంజనీరింగు ఉర్దూలో చెప్పడం సాధ్యం కాదని చాలామంది ఎగతాళి చేశారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన మసూద్ మాత్రం ఆ పనికి మొదటి వరుసలో నిలబడ్డారు.

పుస్తకాలు లేకపోతే పాఠం లేదు గనక 1917లోనే దారుత్తర్జుమా, అంటే అనువాద సంస్థ ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హక్ గారు దానికి తొలి అధిపతి. వహీదుద్దీన్ సలీం, అబ్దుల్లా ఇమాదీ, నజ్మ్ తబాతబాయీ వంటి పండితులు అందులో కృషి చేశారు. ఒక్కొక్క శాస్త్ర పదానికి ఉర్దూ మాట తయారుచేయడానికి సంఘాలు కూర్చునేవి. అరబీ వ్యాకరణం ఔపోసన పట్టిన మౌలానాలు ఒకవైపు, విలాయత్ డిగ్రీలవారు మరొకవైపు ఒకే బల్ల చుట్టూ కూర్చుని వాదించుకునేవారు. మదరసావాళ్ళు, కాలేజీవాళ్ళు ఒకరినొకరు చూసి ముఖం తిప్పుకునే మన రోజుల్లో ఆ బల్ల గుర్తుకు వస్తే నాకు కొంచెం సిగ్గుగా ఉంటుంది.

1922లో మసూద్ జపాన్ వెళ్ళి అక్కడి విద్యా విధానాన్ని పరిశీలించి, ఒక గ్రంథమే రాశారు. జపాన్‌వారు పాశ్చాత్య విద్య నేర్చుకున్నారు, కాని దాన్ని తమ భాషలోకి తెచ్చుకుని తమ పిల్లలకు పంచారు. అందువల్లనే యాభై ఏళ్ళలో లేచి నిలబడ్డారు. హైదరాబాదులో జరుగుతున్న పని సరైనదేనన్న నమ్మకం ఆయనకు అక్కడ గట్టిపడింది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రాజ్యంలో ఇంచుమించు సగం మంది తెలుగువారు. మరాఠీ, కన్నడం మాట్లాడేవారు ఎందరో. ఉర్దూ మాతృభాషగా గలవారు సుమారు పదిమందిలో ఒకరు. కొడంగల్ రైతు బిడ్డకు ఇంగ్లీషు ఎంత పరాయిదో, ఉన్నత విద్యలో ఉర్దూ కూడా ఇంచుమించు అంతే పరాయిది. మాతృభాషలో చదువు అనే గొప్ప సూత్రం మనకు వర్తించింది గాని మన పొరుగువారికి వర్తించలేదు. ఆ లోటు వారి మనసుల్లో ఉండిపోయింది. న్యాయం విషయంలో మనవారు, పరాయివారు అనే తేడా చూపవద్దని ధర్మం చెబుతుంది గనక, మన పెద్దల ఘనత చెప్పుకునేటప్పుడు ఈ మాట కూడా చెప్పుకోవాలి. 1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. 1998లో హైదరాబాదులోనే మౌలానా ఆజాద్ పేరుతో జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వెలసింది.

చివరి ప్రయాణాలు

1928లో మసూద్ హైదరాబాదు విడిచారు. మరుసటి ఏడాది తాతగారు నాటిన అలీగఢ్‌కు వైస్ ఛాన్సలరయ్యారు. అప్పులు, తగాదాలతో ఉన్న ఆ విశ్వవిద్యాలయాన్ని చక్కదిద్దడానికి పాటుపడ్డారు. ఫ్రాన్సు నుంచి ఆంద్రే వెయ్ అనే ఇరవై మూడేళ్ళ గణిత శాస్త్రవేత్తను ఆచార్యునిగా రప్పించారు. ఆ యువకుడు తర్వాత ప్రపంచంలోని గొప్ప గణితజ్ఞులలో ఒకడయ్యాడు. 1933లో మసూద్‌కు సర్ బిరుదు లభించింది.

ఆ ఏడాదే ఆఫ్ఘనిస్తాన్ రాజు నాదిర్ షా విద్యా విషయాల్లో సలహా కోసం ముగ్గురిని కాబూలుకు ఆహ్వానించారు. ఒకరు కేంబ్రిడ్జిలో చదివిన అల్లామా ఇక్బాల్. ఒకరు ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన మసూద్. మూడోవారు నద్వాలో చదివిన మౌలానా సయ్యద్ సులైమాన్ నద్వీ. ఇంగ్లాండు చదువు, మదరసా చదువు కలిసి ఒకే దారిలో ప్రయాణించిన ఆ దృశ్యాన్ని తలచుకుంటే మనసు నిండుతుంది.

విభేదాల కారణంగా 1934లో అలీగఢ్ పదవి వదులుకుని, మసూద్ భోపాల్‌లో విద్యామంత్రిగా చేరారు. గొంతు జబ్బుతో బాధపడుతున్న ఇక్బాల్‌ను 1935లో తన ఇంట ఉంచుకుని వైద్యం చేయించారు. నవాబు హమీదుల్లా ఖాన్‌కు చెప్పి ఆయనకు నెలకు 500 రూపాయల భృతి ఏర్పాటు చేయించారు. మిత్రుని ఆరోగ్యం కోసం తపించిన మసూదే ముందు వెళ్ళిపోయారు. 1937 జూలై 30న భోపాల్‌లో, నలభై ఎనిమిదేళ్ళ వయసులో కన్నుమూశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఇక్బాల్ ఆయన మీద స్మృతిగీతం రాశారు. అలీగఢ్ విశ్వవిద్యాలయ మసీదు ప్రాంగణంలో తాతగారి చెంతనే ఆయనను ఖననం చేశారు.

ఇదంతా విన్నాక ఆ తండ్రి కొంతసేపు మౌనంగా ఉండి, మరి మావాణ్ణి పంపమంటారా మౌల్వీ సాబ్ అని మళ్ళీ అడిగారు. పంపండి, కాని ఒక మాట చెప్పి పంపండి అన్నాను. చదువు అల్లాహ్ ఇచ్చే అమానత్. అమానత్ దాచుకుని తినడానికి కాదు, హక్కుదారులకు అప్పగించడానికి. తండ్రిని పడగొట్టిన ఇంగ్లాండే కొడుకును నిలబెట్టింది. తేడా ఊరిలో లేదు, తెచ్చుకున్నదాన్ని ఎవరి కోసం ఖర్చుపెట్టాలన్న నియ్యత్‌లో ఉంది. మసూద్ తాను ఇంగ్లీషులో నేర్చుకున్నదాన్ని ఇంగ్లీషు రాని పిల్లల ముందు పెట్టాలనుకున్నారు. మన పిల్లలు ఎక్కడ చదివినా, దాన్ని ఈ ఊరి పిల్లలకు, ఉర్దూ మాట్లాడే ఇంటికీ తెలుగు మాట్లాడే ఇంటికీ సమానంగా పంచాలి. మసూద్ కాలంలో మిగిలిపోయిన ఆ సగం పని మన పిల్లల వంతు.

అల్లాహ్ మన బిడ్డలకు మేలుచేసే విద్యను, దాన్ని పదిమందికి పంచే మనసును ప్రసాదించుగాక! ఆమీన్.