విశ్వకవికి అనుకోని బహుమానం

ఈ సంచికకు ఒక మహనీయుని చరిత్ర వ్రాసి ఇమ్మని మన సంఘంవారు కోరినప్పుడు మేము సంకోచించాము. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకొనేవారము. అయినా రవీంద్రనాథ ఠాకూరుగారి చరిత్రలో రైలుతో ముడిపడిన ఘట్టాలు రెండున్నవి. వాటి బలంతోనే ఈ సాహసం చేస్తున్నాము.

రవీంద్రులు 1861 మే 7వ తేదీన కలకత్తాలో, జోడాసాంకో భవనంలో, దేవేంద్రనాథ ఠాకూరు, శారదాదేవి దంపతులకు పదునాల్గవ సంతానంగా జన్మించారు. బడి ఆయనకు సరిపడలేదు. 1878లో ఇంగ్లండు పంపితే 1880లో పట్టా లేకుండానే తిరిగి వచ్చారు. తరువాత తండ్రిగారి ఆజ్ఞపై పద్మానదీ తీరాన జమీందారీ లెక్కలు చూస్తూ, పడవలో తిరుగుతూ, రైతుల కష్టసుఖాలు కన్నులారా చూచి కథలు, పాటలు వ్రాశారు. 1901లో శాంతినికేతనంలో ఐదుగురు పిల్లలతో బడి పెట్టారు. అంతలోనే పిడుగుమీద పిడుగు పడ్డది. 1902లో భార్య, 1903లో కుమార్తె, 1905లో తండ్రి, 1907లో చిన్న కుమారుడు గతించారు. ఆ దుఃఖం అడుగున ఉండగానే 1910లో వంగభాషలో గీతాంజలి వెలువడింది.

1912 మార్చిలో ఇంగ్లండు ప్రయాణం కట్టి, బయలుదేరవలసిన వేళకు జబ్బుపడ్డారు. విశ్రాంతికి నదీతీరానికి వెళ్లి, పొద్దు గడపడానికి తన పాటలు కొన్ని తానే ఇంగ్లీషులో తిరిగి వ్రాసుకొన్నారు. మే నెలలో ఓడ ఎక్కిన తరువాత కూడా ఆ పని సాగింది. ఆ జబ్బే రాకుంటే ఆ పుస్తకం పుట్టేదో లేదో!

ఇక మొదటి రైలు ఘట్టం. లండనులో దిగి, భూగర్భ రైలులో బసకు పోతూ, కుమారుడు రథీంద్రనాథుడు ఆ వ్రాతప్రతి ఉన్న చేతిసంచిని రైలులో మరచిపోయాడు! అది పోయిన సంగతి తరువాతగాని తెలియలేదు. గుండె చేతబట్టుకొని పోయిన సామానుల ఆఫీసుకు పరుగెత్తగా సంచి భద్రంగా దొరికింది. ఎవరో ఒక గుమాస్తా దానికి చీటీ కట్టి అరలో పెట్టి ఉంటాడు. లోపల ఏమున్నదో అతనికేమి తెలుసు? మేము రోజూ చేసే పనీ అటువంటిదే గనుక ఈ సంగతి తలచినప్పుడల్లా మా ఒళ్లు పులకరిస్తుంది.

ఆ వ్రాతప్రతిని చిత్రకారుడు రోథెన్‌స్టయిను చదివి, కవి యేట్సుకు చూపించాడు. యేట్సు పీఠికతో, 103 కవితలతో, 1912 నవంబరులో లండనులోని ఇండియా సొసైటీ 750 ప్రతులు అచ్చువేసింది. మరుసటి ఏడాదే నోబెల్ బహుమానం!

ఆ బహుమానానికి పేర్లు పంపడం రహస్యంగా జరుగుతుంది. ఆ కాగితాలు ఏబది ఏండ్లదాకా బయటపెట్టరు. 1913లో ఇంగ్లండులోని రాయల్ సొసైటీ ఆఫ్ లిటరేచర్ సభ్యులు 97 మంది కలిసి థామస్ హార్డీ పేరు పంపగా, అదే సభలోని స్టర్జి మూరు అనే కవి ఒక్కడే రవీంద్రుల పేరు పంపాడు. తొంబదియేడుగురి మాట వెనుకబడి ఒక్కడి మాట నెగ్గింది. నవంబరు 13న నిర్ణయం ప్రకటించారు. ఐరోపా ఖండానికి వెలుపలివారికి ఆ సాహిత్య బహుమానం రావడం అదే మొదలు. తంతి శాంతినికేతనం చేరినప్పుడు పిల్లలు గంతులు వేశారు; కవిగారు మాత్రం తన ఏకాంతానికి ఇక తిలోదకాలేనని దిగులుపడ్డారు.

రెండవ రైలు ఘట్టం నవంబరు 23వ తేదీది. కలకత్తా నుండి స్పెషలు రైలులో సుమారు 500 మంది పెద్దలు బోల్‌పూరు స్టేషనులో దిగి, శాంతినికేతనానికి సన్మానం చేయ వచ్చారు. జగదీశచంద్ర బోసుగారు వారికి ముందున్నారు. వచ్చినవారిలో నిజమైన అభిమానులూ ఉన్నారు, నిన్నటిదాకా నిందించినవారూ ఉన్నారు. పరదేశం మెచ్చిన తరువాత చేసే ఈ సన్మానాన్ని మనసారా స్వీకరించలేనని కవిగారు నిర్మొగమాటంగా చెప్పివేశారు. వచ్చినవారిలో చాలామంది నొచ్చుకొని తిరిగి వెళ్లారు. అభిమానులను కూడా నొప్పించడం న్యాయమా అని మేము చాలాకాలం తర్కించుకొన్నాము. నేటికీ తేల్చుకోలేదు. కాని ఆయన అడిగినది తప్పని మాత్రం అనలేము.

బహుమానం సుమారు 8000 పౌన్లు. దానిని రైతులకు అప్పులిచ్చే బ్యాంకులో వేసి, వడ్డీ బడి ఖర్చులకు వాడారు. 1919 ఫిబ్రవరిలో మన మదనపల్లెలో విడిది చేసి, జనగణమన గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. ఆ ఏడాదే జలియన్‌వాలాబాగు ఘోరానికి నిరసనగా, 1915లో ఇచ్చిన సర్ బిరుదును వదలుకొన్నారు. 1941 ఆగస్టు 7న పరమపదించారు.

2004లో శాంతినికేతనం నుండి ఆ నోబెల్ పతకాన్ని దొంగలు ఎత్తుకుపోయారు. పతకం పోయినా పాటలు పోలేదు. చలంగారి తెలుగు గీతాంజలి మన ఇండ్లలో నేటికీ చదువుతున్నాము.

పొట్టకూటికై పరభాషల నడుమ కాపురమున్న మనకు దీనిలో ఒక హెచ్చరిక ఉన్నది. తెలుగులో వ్రాసేవాడు మన వీధిలోనే ఉండవచ్చును. వానికి దండ వేయడానికి పరదేశపు తంతి రావలెనా? ఈ ఉగాదికి ఇంట ఒక తెలుగు పుస్తకం కొని, పిల్లలచేత పైకి చదివించండి. మరచిన సంచిని భద్రపరచే పని మనది.