సైనికుడి మందుల సంచిలో మన సుబ్బారావు

ఢిల్లీలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థుల్లో సైనిక కుటుంబాల పిల్లలం చాలామందిమే ఉన్నాం. సైనికుడికి తుపాకీ గుండు ఒక్కటే శత్రువు కాదు, కంటికి కనిపించని సూక్ష్మజీవులు కూడా శత్రువులే. వాటిలో ఆంథ్రాక్స్ ఒకటి. దాన్ని ఎదుర్కొనే మందుల్లో ఒక ముఖ్యమైన కుటుంబానికి మూలం, ఒక తెలుగువాడు నడిపించిన పరిశోధన. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో పేదరికం. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు గాంధీజీ పిలుపు విని ఖద్దరు దుస్తులే ధరించారు. అది శస్త్రచికిత్స బోధించే ఆంగ్లేయ ఆచార్యుడికి నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. కాకుండా, అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాయే దక్కింది.

ఆయన యువకుడిగా ఉన్నప్పుడే స్ప్రూ అనే పేగుల వ్యాధి సోదరులిద్దరినీ కొద్దిరోజుల తేడాలో బలిగొంది. అప్పట్లో దానికి సరైన మందు లేదు. ఆ దుఃఖం ఆయనను పరిశోధన వైపు నడిపించింది.

1920లలో అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు. ఫిస్క్‌తో కలిసి రక్తంలోని ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని గుర్తించారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరి, అక్కడి పరిశోధనలకు సారథి అయ్యారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలు వ్యాధికి హెట్రజాన్ మందు ఆయన బృందం సాధించినవే.

ఆ బృందంలోని డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టి నమూనాలను పరీక్షిస్తూ బంగారు రంగు సూక్ష్మజీవి ఒకదాన్ని కనుగొన్నారు. దాని నుంచి వచ్చిందే ఆరియోమైసిన్. 1948లో వెలువడిన ఈ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది.

మరి ఆంథ్రాక్స్‌తో దీనికి సంబంధం ఏమిటి? మన పల్లెల్లో పశువులకు వచ్చే దొమ్మ రోగమే ఆంథ్రాక్స్. దాని బీజాలు మట్టిలో దశాబ్దాల పాటు చావకుండా ఉంటాయి. అందుకే కొన్ని దేశాలు దాన్ని ఆయుధంగా మార్చాలని చూశాయి. 1942లో బ్రిటన్ గ్రునార్డ్ దీవిలో దాన్ని గొర్రెలపై ప్రయోగించింది. ఆ దీవి మళ్లీ సురక్షితమని ప్రకటించడానికి 1990 దాకా పట్టింది. 2001లో అమెరికాలో ఉత్తరాల ద్వారా పంపిన ఆంథ్రాక్స్ పొడి ఐదుగురిని చంపింది.

ఊపిరితో లోపలికి వెళ్లిన బీజాలు వారాల తరబడి నిద్రాణంగా ఉండగలవు. అందువల్ల ప్రమాదానికి గురైన సైనికుడికి టీకాతో పాటు 60 రోజులు మందు ఇస్తారు. ఆ మందుల్లో ఒకటి డాక్సీసైక్లిన్. ఇది సుబ్బారావు మరణించిన చాలా ఏళ్లకు, వేరే సంస్థలో తయారైంది. కానీ ఇదీ టెట్రాసైక్లిన్ కుటుంబానిదే. సూక్ష్మజీవి తనకు కావలసిన మాంసకృత్తులను తయారు చేసుకోకుండా ఇది అడ్డుకుంటుంది. ఇక టీకా విషయానికి వస్తే, మన ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కూడా దానిపై పరిశోధనలు జరిగాయి.

సుబ్బారావు ఆంథ్రాక్స్ కోసం పనిచేయలేదు. రోగులందరికీ పనికివచ్చే మందు కోసం పనిచేశారు. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి నేడు వైద్యులు ఇచ్చేవి ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. రెండూ ఆయన బృందం కృషితో మొదలైనవే!

1948 ఆగస్టు 8న, 53 ఏళ్ల వయసులో ఆయన అమెరికాలోనే కన్నుమూశారు. మళ్లీ స్వదేశానికి రాలేకపోయినా, చివరి వరకు భారతీయుడిగానే ఉన్నారు. 1995లో మన ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది. నోబెల్ బహుమతి ఆయనకు రాలేదు. అయినా సరిహద్దులో నిలిచిన సైనికుడికి, ఊళ్లో జ్వరపడ్డ రైతుకు ఆయన శ్రమ ఒకేలా అండగా ఉంది. పరీక్షలో ఒకసారి తప్పామని కుంగిపోయే మనం తప్పక తెలుసుకోవలసిన జీవితం ఇది.