ఆంధ్రకేసరి - తొలి ఆంధ్ర రాష్ట్రము

మన రాష్ట్రము ఎప్పుడు పుట్టినదని తరగతిలో అడిగినప్పుడు విద్యార్థులలో పలువురు 1956 నవంబరు 1 అని చెప్పెదరు. తప్పు కాదు. కాని అంతకు మూడేండ్ల ముందే, 1953 అక్టోబరు 1న, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రమొకటి అవతరించినది. దాని తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారు. ఆ రాష్ట్ర చరిత్రను ఆయన జీవితమునుండి విడదీసి చెప్పుట మాకు చేతకాని పని.

ప్రకాశంగారు 1872 ఆగస్టు 23న ఒంగోలు ప్రాంతపు వినోదరాయునిపాలెములో జన్మించినారు. చిన్నతనముననే తండ్రి గతించగా తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి బిడ్డలను పెంచినారు. గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు చేరదీసి రాజమహేంద్రవరము తీసికొనిపోయినారు. ప్లీడరై, ఆ పట్టణ పురపాలక సంఘాధ్యక్షులై, పిదప ఇంగ్లండులో బారిస్టరు పరీక్షనిచ్చి, మదరాసులో విశేష ధనమార్జించినారు. 1921లో వృత్తిని వదలి స్వరాజ్య పత్రికను స్థాపించగా ఆర్జించినదంతయు దానికే ధారపోయవలసి వచ్చినది. 1928 ఫిబ్రవరి 3న మదరాసులో సైమన్ కమిషన్ బహిష్కరణ సందర్భమున తుపాకులకు రొమ్ము చూపిన కథ అందరూ ఎరిగినదే.

మన జిల్లావారు అంతగా తలచుకొనని విషయమొకటి గలదు. 1937లో మదరాసు రెవెన్యూ మంత్రిగా ఆయన జమీందారీలపై విచారణ సంఘమునకు అధ్యక్షత వహించి, భూమికి హక్కుదారు రైతే యని నివేదిక సమర్పించినారు. విజయనగరము వంటి పెద్ద సంస్థానముల నీడన బ్రతికిన ఈ ప్రాంతపు రైతునకు ఆ మాట చిన్నది కాదు. పదేండ్లకు, 1948లో, జమీందారీ రద్దు చట్టము వచ్చినది. అంతకుముందు 1946లో సుమారు పదకొండు నెలలు ఆయన మదరాసు ప్రధానిగా కూడ పనిచేసినారు.

1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షలో అసువులు బాయగా కేంద్రము దిగివచ్చినది. కాని మదరాసు నగరము దక్కలేదు. మనకు వచ్చినవి శ్రీకాకుళము మొదలు చిత్తూరు వరకు పదకొండు జిల్లాలు, బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు. సుమారు రెండు కోట్ల జనము. విజయవాడ వైపు మొగ్గినవారు చాలమంది ఉండినను, 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక ననుసరించి రాజధాని రాయలసీమకు పోయినది. 1954లో హైకోర్టు గుంటూరులో వెలసినది. కర్నూలులో కచేరీలకు ఇండ్లు చాలక గుడారములు వేసినారు. మన పాఠకులకు ఇంకొక్క మాట: ఆ పట్టణముననే 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్‌గారు ఉస్మానియా కళాశాలను నెలకొల్పి యుండిరి.

ఎనుబది యొకటవ ఏట పదవిని చేపట్టిన ఆ వృద్ధుడు తొందరపాటు మనిషి. కాంగ్రెసును విడిచి ప్రతిపక్షము నడిపి, మరల కాంగ్రెసు మద్దతుతోనే ముఖ్యమంత్రి యగుట మాకును మింగుడుపడదు. అయినను పదమూడు నెలలలో ఆయన ప్రభుత్వము తిరుపతిలో విశ్వవిద్యాలయమును స్థాపించినది, విజయవాడయొద్ద కృష్ణకు క్రొత్త బ్యారేజికి పునాది వేసినది. మద్యనిషేధ వివాదముపై 1954 నవంబరులో వచ్చిన అవిశ్వాస తీర్మానము ఒక్క ఓటు ఆధిక్యముతో నెగ్గగా మంత్రివర్గము కూలినది. ధనమంతయు ప్రజలకై వ్యయము చేసిన మనిషి, పదవినుండి దిగిన నాడు కూడ చేతులు ఖాళీగానే దిగినాడు. ఈ విషయమును ఆయన విరోధులు సైతము కాదనలేదు.

1957 మే 20న హైదరాబాదులో ఆయన కన్నుమూసినారు. ఆ యేటనే పూర్తియైన బ్యారేజికి ఆయన పేరు పెట్టినారు. 2014లో తెలంగాణము వేరుపడిన పిదప మిగిలిన ఆంధ్రప్రదేశ్ పటమును చూచినచో, కొద్ది మార్పులు మినహా, అది ప్రకాశంగారు ఏలిన రాష్ట్రమే. 1972లో ఒంగోలు జిల్లా ప్రకాశం జిల్లా యైనది. సుబ్బమ్మగారు పూటకూళ్ళ ఇల్లు నడిపిన ఒంగోలే దానికి ముఖ్యపట్టణము.