పావులూరి మల్లన

నన్నయభట్టారకుడు రాజమహేంద్రవరమున వ్యాసభారతమును తెలుగుపద్యములలో అవతరింపజేసిన పదునొకండవ శతాబ్దిని ఆంధ్రులు మఱువలేదు. ఆ యుగచ్ఛాయలోనే వెలసిన మఱియొక అనువాదమును మాత్రము కొలదిమందియే తలంతురు. అందు కురువంశము లేదు, కురుక్షేత్రము లేదు. గుణకారములు, భాగహారములు, భిన్నములు, వర్గమూలములు కలవు. తెలుగున వెలువడిన తొలి శాస్త్రగ్రంథముగా పండితులు దాని నెన్నుదురు. దాని పేరు సారసంగ్రహ గణితము. రచించినవాడు పావులూరి మల్లన.

మల్లన కమ్మనాటిలోని పావులూరివాడు, శివభక్తుడు. గ్రామకరణపు వృత్తి ఆ ఇంటిది. మల్లన అను పేరుగల యొకడు రాజరాజనరేంద్రునివలన పిఠాపురము చెంతనున్న నవఖండవాడను అగ్రహారముగా బడసెనని తెలియుచున్నది. ఈ సంగతియే చరిత్రకారులకు చిక్కుముడియైనది. అగ్రహారము పొందినవాడే గ్రంథకర్తయని కొందఱు; కాదు, పొందినవాడు తాత, అదే పేరుగల మనుమడు గ్రంథకర్తయని మఱికొందఱు. మొదటి మాట నిజమైనచో మల్లన నన్నయకు సమకాలికుడు. రెండవది నిజమైనచో రెండు తరములు చిన్నవాడు. మనుమడే యను వాదమునకు బలము హెచ్చుగా గానవచ్చుచున్నది. తాత రాజమన్ననతో సంపాదించిన భూమిపై కూర్చుండి మనుమడు భూమిని గొలుచు విద్యను తెలుగుచేసెనని తలంచుట మనస్సునకు ఇంపుగా నున్నది. అయినను ఇంపు సాక్ష్యము కాదు.

రాజరాజనరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడై 1061 వఱకు వేంగి నేలెను. ఏలెననుట సులభము. సవతితమ్ముడగు విజయాదిత్యునితోడి కలహమున ఆతడు సింహాసనమును కోల్పోవుటయు, మఱల బడయుటయు జరిగెను. ఆతని కుమారుడు రాజేంద్రుడు యౌవనమున చక్రకోటపై దండెత్తి, అచటి నాగవంశపు ధారావర్షునిచేత కప్పము గొనెను. 1070లో చోళసింహాసన మెక్కి కులోత్తుంగుడని ప్రఖ్యాతి గాంచినవా డితడే. ఆ చక్రకోటరాజ్యమే నేటి ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరుసీమ. ఇంద్రావతి చేరువనున్న ఆ యడవులనడుమ, బారసూరు గ్రామమున, 1060 ప్రాంతమున నాగరాజునకు సామంతుడగు చంద్రాదిత్యుడను తెలుగుచోడుడు శివాలయమును గట్టించి, చెఱువు త్రవ్వించి, ఆ సంగతిని తెలుగు శాసనముగా చెక్కించెను. చెఱువు త్రవ్వవలెనన్న ఎంత లోతు, ఎంత వెడల్పు, ఎంత మన్ను, ఎందఱు పనివారు, వారికెంత కూలి యను లెక్కను ఎవరో వేసి యుండవలెను గదా. దానమును చెప్పుటకు, రాజును పొగడుటకు, దేవుని గొలుచుటకు తెలుగు అప్పటికే వేంగినుండి ఇంద్రావతి వఱకు చాలియుండెను. లెక్కను శాస్త్రముగా చెప్పుటకు మాత్రము సంస్కృతమే శరణ్యము. ఈ వెలితిని పూరించుట మల్లన పూనిన కార్యము.

అందులకాతడు చేపట్టిన మూలము మహావీరాచార్యుని గణితసారసంగ్రహము. మహావీరుడు కన్నడదేశమున రాష్ట్రకూట చక్రవర్తియగు అమోఘవర్షుని కాలమున, 850 ప్రాంతమున, గ్రంథము రచించిన జైనాచార్యుడు. వేయికి పైబడిన శ్లోకములలో ఆతడు పరికర్మలు, భిన్నములు, ప్రకీర్ణములు, త్రైరాశికము, మిశ్రకము, క్షేత్రగణితము, త్రవ్వకములను గూర్చిన ఖాతము, నీడలను గూర్చిన ఛాయావ్యవహారము మున్నగువానిని నిరూపించెను. ఋణసంఖ్య స్వభావముచేతనే వర్గము కాదు గనుక దానికి వర్గమూలము లేదని తేటపఱచిన ఘనత ఆతనిది. సున్నచేత భాగించినను సంఖ్య మాఱదని పొరబడుటయు ఆతనిదే. పెద్దల గ్రంథములయందును ఇట్టివి దొరలుచుండును.

మహావీరుని లెక్కలలో జినాలయములు, జినులకు సమర్పించిన పుష్పములు తఱచుగా వచ్చును. మల్లన శైవుడు. వేంగిసీమ జైనమునకు క్రొత్తది కాదు. రెండవ అమ్మరాజువంటి చాళుక్యప్రభువులు పూర్వము జినాలయములకు దానము లొసగియుండిరి. అయినను మల్లననాటికి గాలి మాఱుచుండెను. రెండు మతములనడుమ వాదములు పెరుగుచుండెను. అట్టి వేళ నొక శైవుడు జైనాచార్యుని పుస్తకమును ముట్టవలెనా యను ప్రశ్న పుట్టుట సహజము. మల్లన చేసిన పని యిది: జినుని పేరున్నచోట శివుని నిలిపెను, సూత్రమును విడువలేదు. పరుల దేవుని తొలగించి తన దేవుని నిలుపుట అనువాదకునకు తగునా యని నేటి పాఠకుడు ఆక్షేపింపవచ్చును. ఆ యాక్షేపణలో న్యాయము లేకపోలేదు. కాని గ్రంథనామమున సారసంగ్రహమను మాటను అట్లే యుంచి, అన్యమతస్థుని విద్యను తన పిల్లలకు పఠనీయముగా జేసినవాడు, దానిని మైలగా భావించి త్రోసివేసినవానికన్న ఎంతయో మేలు.

ఆ విద్యలో విద్యార్థికి మిక్కిలి కఠినమైన ఘట్టము, రాశియు దాని వర్గమూలమును కలిసి వచ్చు లెక్కలు. నేటి పాఠశాలలలో వర్గసమీకరణము లనునవి యివియే. మహావీరుని ప్రకీర్ణాధ్యాయమున ఒక ఒంటెలమంద కలదు. మందలో నాలుగవవంతు అడవిలో గానవచ్చినది. మంద యొక్క వర్గమూలమునకు రెట్టింపు కొండచరియలకు బోయినవి. మిగిలిన పదునైదు నదీతీరమున నిలిచినవి. మంద యెంత? ఒంటెను కన్నులార చూడని కమ్మనాటి బాలుడు సైతము ఈ లెక్క చేయవచ్చును. చేయకమున్ను తికమకపడియు దీరును. మంద తెలిసినగాని మూలము తెలియదు, మూలము తెలిసినగాని మంద తెలియదు. తలుపు లోపల తాళముచెవి వైచి తలుపు మూసినట్లున్నది.

ఆచార్యుని మార్గము ఓర్పుతో పదములను మార్చి అమర్చుట. మందనుండి నాలుగవవంతు తీసివేయగా 3/4 మిగులును. అది రెండు మూలములకును 15కును సమానము. రెండు వైపులను 3/4 చేత భాగించిన, మంద యంతయు మూలమునకు 8/3 రెట్లకును 20కిని సమానమగును. ఇపుడు 8/3లో సగము 4/3. దాని వర్గము 16/9. దానిని 20కి కూడిన 196/9. దాని మూలము 14/3. అందు మొదటి 4/3ను కూడిన 6. ఆఱు వర్గము 36. మంద ముప్పదియాఱు. సరిచూచికొనుట సులభము: తొమ్మిది అడవిలో, పండ్రెండు చరియలపై, పదునైదు ఏటియొడ్డున.

సూత్రము ఇంతవఱకే చెప్పును. సగము ఏల చేయవలెను, వర్గము ఏల కూడవలెను అని చెప్పదు. గురువు దానిని నేలపై గీసి చూపవచ్చును. మూలమును భుజముగాగల చదరపు మడియే మంద యనుకొనుడు. ఒక ప్రక్కనుండి 8/3 వెడల్పుగల పట్టెను తీసివేసిన 20 మిగులును. మిగిలిన మడి నిడుపుగానుండును. దాని పొడవు వెడల్పుకన్న 8/3 హెచ్చు. ఆ హెచ్చులో సగము, అనగా 4/3 పట్టెను, పొడవునుండి కోసి ప్రక్కకు జేర్చినచో, ఒక మూల మాత్రము లోపించిన చదరము ఏర్పడును. లోపించిన మూల 4/3 భుజముగల చిన్న చదరము. దాని వైశాల్యము 16/9. దానిని పూరించుటయే సూత్రమునందలి కూడిక. మడులను గొలుచుట యెఱిగిన కరణపు బిడ్డకు ఇది చూచినంతనే బోధపడును. బీజమును అంకెలలోనే వెదకువానికి మాత్రము కొంత యాలస్యమగును.

మల్లన మూలమును ఉన్నదున్నట్లు దింపలేదు. కొన్ని పద్ధతులను కుదించెను. కొన్ని ఉదాహరణములను తానే కల్పించెను. ఆతని కష్టము తెలియవలెనన్న, లెక్కను పద్యమున నిముడ్చుట యెట్టిదో తలంపవలెను. కథ చెప్పు కవి యతి కుదరనిచో వేఱొక విశేషణమును వెదకికొనును. గణితకర్తకు ఆ స్వేచ్ఛ లేదు. ప్రాసకొఱకు ఏడును ఎనిమిది చేయరాదు. మల్లనదిగా ప్రసిద్ధమైన చదరంగపు పద్యము దీనికి తార్కాణము. తొలిగడియందు ఒక గింజ, రెండవదానియందు రెండు, మూడవదానియందు నాలుగు, ఇట్లు అఱువదినాలుగు గళ్లును రెట్టింపుచు నింపినచో మొత్తము 18446744073709551615. ఈ ఇరువది అంకెలను ఒక్క పద్యమున భూతసంఖ్యలతో, అనగా చంద్రుడన్న ఒకటి, వేదములన్న నాలుగు, బాణములన్న అయిదు, ఆకాశమన్న సున్న యను సంకేతములతో, కుడినుండి ఎడమకు కూర్చి నిలిపినాడు. ఒక్క అంకెయైనను తప్పలేదు, పద్యమును చెడలేదు. కవిత్వమున రసమేది యని సాహిత్యచరిత్రకారులు ఆతనికి అరపుట మించి కేటాయింపకపోవుట ఈ పద్యమును గింజలు లెక్కించుచు చదువనందుననే కాబోలు.

అట్లు కంఠస్థము చేయుటకు అనువుగానున్నందున గ్రంథము బడులలోను, కరణముల ఇండ్లలోను తాటాకులపై తరతరములు నిలిచినది. మహావీరుని సంస్కృతమూలము 1912లో రంగాచార్యుల సంపాదకత్వమున, ఆంగ్లానువాదముతో, మద్రాసున అచ్చుపడెను. దానికి దాదాపు ఎనిమిది శతాబ్దములకు పూర్వమే దాని సారము తెలుగుబాలుర నోట పద్యములై పలికినది. కర్త తన పుస్తకమునకు బెట్టిన పేరును వారు తఱచుగా వాడలేదు. పావులూరి గణితమనియే పిలిచిరి.