పది గోల్స్ తిన్న తరువాత రహీం సాబ్

ఫుట్‌బాల్ మ్యాచి ఓడిపోయిన సాయంత్రం మైదానం గట్టు మీద ఒక పావుగంట నిలబడితే చాలు, లోకం తీరు తెలిసిపోతుంది. ఎదుటివాళ్ళ గోలు ముందు రెండు బంగారంలాంటి అవకాశాలు పోగొట్టిన ఫార్వర్డు పేరు ఎవరికీ గుర్తుండదు. తిట్లన్నీ బ్యాకులకే. ఒకడు నిలబడి నిద్రపోతున్నాడంటారు, ఇంకొకడి పక్క నుంచి బర్రెల మంద పోయినా వాడికి తెలియదంటారు, గోలీకి చందా వేసుకుని కళ్ళజోడు కొనివ్వాలంటారు. ఈ సంవత్సరం అంతర కళాశాలల పోటీలలో మన జట్టు నాలుగు గోల్స్ తిని ఇంటిదారి పట్టినప్పుడు హాస్టల్ మెస్సులో మూడు రోజుల పాటు ఇదే కచేరీ. మన రైట్ బ్యాకు పాపం, సగం అన్నం పళ్ళెంలో వదిలి లేచిపోయాడు.

అభిమానుల బాధ అర్థం కానిది కాదు. ఎండలో నిలబడి గొంతు చించుకున్నవాడికి కోపం రాదా మరి! అయితే విద్యార్థి మిత్రులారా, నాలుగు కాదు, పది గోల్స్ తిన్న జట్టు ఒకటున్నది. అది మన భారతదేశపు జట్టే. దాన్ని మళ్ళీ నిలబెట్టిన మనిషి మన హైదరాబాదు బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. శిష్యులకూ పాతబస్తీ ఫుట్‌బాల్ అభిమానులకూ ఆయన రహీం సాబ్.

రహీం గారు 1909లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుని, ఆ విశ్వవిద్యాలయ జట్టులో ఆడి, పట్టభద్రులయ్యాక ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించారు. కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బడులలో పాఠాలు చెప్పారు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు. పాఠం చెప్పే అలవాటు ఉన్నవాడు ఆట నేర్పడానికి వస్తే ఎట్లా ఉంటుందో చూడాలంటే ఆయన పద్ధతులు చూడాలి. కుర్రవాళ్ళకు డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టేవారు, అంటే బంతి వచ్చిందా, వెంటనే పక్కవాడికి అందించెయ్యాలి. వాటం లేని కాలితోనే ఆడాలని ఇంకొక రకం పోటీ. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితో తంటాలు పడుతుంటే చూసేవాళ్ళకు నవ్వులాటే గాని, ఆరు నెలలు గడిచేసరికి వాడికి రెండు కాళ్ళూ కాళ్ళే.

1940లలో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికి వచ్చింది. ఆ ఏడాది నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పును వరుసగా ఐదుసార్లు మన పోలీసులే తెచ్చుకున్నారు. ఫుట్‌బాల్ అంటే కలకత్తా, కలకత్తా అంటే ఫుట్‌బాల్ అనుకునే రోజులవి. దక్కను నుంచి వచ్చిన పోలీసు జవాన్లు ఆ లెక్కను తలకిందులు చేశారు. భారత జట్టు శిక్షకత్వం కూడా రహీం గారికే అప్పగించారు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోలుతో ఇరాన్‌ను ఓడించి మనవాళ్ళు స్వర్ణ పతకం గెలిచారు. దేశమంతటా పండగ.

ఆ పండగ ఏడాదిన్నర కూడా నిలవలేదు. 1952 జులై 15న హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1 తేడాతో ఓడించింది. విరామానికే ఐదు గోల్స్. మొత్తం మీద జెబెట్స్ ఒక్కడే నాలుగు కొట్టాడు, మితిచ్ మూడు. ఆట ముగిసే ముందు అహమ్మద్ ఖాన్ ఒక గోలు కొట్టి మన పరువు దారప్పోగంత మిగిల్చాడు. ఆ రోజు మన కెప్టెన్ శైలేన్ మన్నా. ఆయన ఎవరనుకున్నారు? బ్యాకే! అప్పటి మన దేశంలో ఆయనంత నమ్మకమైన బ్యాకు మరొకరు లేరని పేరు. ఆయన ఉండగానే పది.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఓటమికి కారణం ఏమిటంటే చాలామంది చెప్పేది, మనవాళ్ళు ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడారని. నిజమే, ఆ చలిదేశంలో ఉత్తి కాళ్ళతో ఆడటం చిన్న కష్టం కాదు. హెల్సింకి తరువాత మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది కూడా. ఇంకొక కారణం, మన దేశంలో అప్పటికి మ్యాచి 70 నిమిషాలు, ఒలింపిక్స్‌లో 90. చివరి ఇరవై నిమిషాలు మన ఆటగాళ్ళ కాళ్ళు పడిపోయేవి. కాని విరామానికే ఐదు పడ్డాయంటే తప్పు కాళ్ళలో లేదు, బూట్లలోనూ లేదు.

అసలు లోపం నిలబడే పద్ధతిలో ఉంది. మన జట్టు అప్పటికీ ఇద్దరు బ్యాకులు, ముగ్గురు హాఫ్ బ్యాకులు, ఐదుగురు ఫార్వర్డులు అనే పాత పద్ధతిలోనే ఆడుతోంది. ఆ పద్ధతి పాత ఆఫ్‌సైడ్ నియమానికి పుట్టిన బిడ్డ. ఆ నియమం ప్రకారం బంతి అందుకోబోయే ఫార్వర్డుకూ గోలు గీతకూ మధ్య ఎదుటి జట్టువాళ్ళు, గోలీతో కలిపి, ముగ్గురుండాలి. కనుక ఇద్దరు బ్యాకులలో ఒకడు నాలుగడుగులు ముందుకు జరిగితే చాలు, ఫార్వర్డు ఆఫ్‌సైడ్‌లో చిక్కేవాడు. 1925లో ఆ సంఖ్యను ముగ్గురి నుంచి ఇద్దరికి తగ్గించారు. అంతే, ఇద్దరు బ్యాకుల ఉచ్చు తెగిపోయింది. ఇంగ్లండులో ఆర్సెనల్ జట్టు సెంటర్ హాఫ్‌ను వెనక్కి లాగి మూడవ బ్యాకుగా నిలబెట్టింది. ఐరోపా క్రమేణా ఆ దారి పట్టింది. మనం మాత్రం పాతికేళ్ళ తరువాత కూడా పాత దారిలోనే ఉన్నాం. మన సెంటర్ హాఫ్ దాడికి సాయంగా ముందుకు పోయేవాడు, బంతి పోగానే వెనక్కి పరుగెత్తేవాడు. వాడు తిరిగి వచ్చేలోగా మైదానం నడిమి భాగం తెరిచి పెట్టిన గేటు. ఐదుగురు వస్తుంటే ఇద్దరు ఆపాలి. ఈ లెక్కకు కాల్క్యులస్ అక్కరలేదు కదా.

మాది వ్యవసాయ కుటుంబం. మా ఊళ్ళో చెరువుకు గండి పడిన రోజు అందరూ కలిసి ముందు తిట్టేది నీరటిగాణ్ణి. ఆ రాత్రి వాడు తూము దగ్గరే ఉండి, తెల్లవార్లూ మట్టి తట్టలు మోసినా సరే, తిట్లు వాడికే. కట్ట ఎన్నేళ్ళ నుంచి పలచబడుతూ వచ్చిందో అడిగేవాడు ఊరికి ఒకడుంటాడు. రహీం సాబ్ ఆ ఒక్కడు అని నా అభిప్రాయం. పది గోల్స్ తిన్న శిక్షకుడు ఇంటికి వచ్చి బ్యాకుల మీదికి నెట్టేసి చేతులు దులుపుకోవచ్చు. ఆయన ఆ పని చెయ్యలేదు. తరువాతి సంవత్సరాలలో జట్టు నిలబడే తీరే మార్చారు. మెల్‌బోర్న్ ఒలింపిక్స్ నాటికి మన గోలు ముందు ముగ్గురు బ్యాకులు కుదురుకున్నారు. ఫార్వర్డు కూడా బంతి పోగానే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే ఆయన ఊరుకునేవారు కాదు. 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ నలుగురు బ్యాకుల 4-2-4 పద్ధతిని లోకానికి చూపించింది. ఆ పాఠం మాకు రహీం సాబ్ అంతకు ముందే చెప్పారని ఆయన శిష్యులు తరువాత గర్వంగా చెప్పుకునేవారు.

1956 మెల్‌బోర్న్. మొదట ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను మనవాళ్ళు 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా దేశం సెమీ ఫైనల్‌కు రావడం అదే మొదలు. సెమీ ఫైనల్‌లో ఎదురుపడింది ఎవరు? అదే యుగోస్లావియా! ఈసారి విరామానికి 0-0. హెల్సింకిలో విరామానికి ఐదు తిన్న సంగతి ఇక్కడ ఒకసారి గుర్తుచేసుకోండి. పైగా విరామం తరువాత మొదటి గోలు మనదే, డిసౌజాది. ఆ తరువాత వాళ్ళు పుంజుకుని, మన ఆటగాడి కాలి నుంచే ఒకటి మన గోలులో పడి, చివరికి 4-1. కాంస్యం కోసం ఆడిన మ్యాచిలో బల్గేరియా చేతిలో 3-0. నాలుగవ స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం ఆ స్థానాన్ని మళ్ళీ అందుకోలేదు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం ఇలా మన హైదరాబాదు వాళ్ళు ఎంతమందో! 1956, 1957 సంతోష్ ట్రోఫీలు కూడా రహీం గారి శిక్షణలో హైదరాబాదుకే వచ్చాయి.

1960 రోమ్ ఒలింపిక్స్ గురించి రెండు ముక్కలు. ఫలితాలు చూస్తే గెలుపు ఒక్కటీ లేదు. కాని హంగరీ మన మీద 2-1 తోనే గట్టెక్కింది. ఫ్రాన్స్‌తో 1-1. ఎనిమిదేళ్ళలో పది నుంచి రెండుకు వచ్చాం. నా దృష్టిలో అది ఒక పతకంతో సమానం, ఎవరేమన్నా.

ఇక జకార్తా. 1962 ఆసియా క్రీడలకు వెళ్ళేనాటికే రహీం గారి ఆరోగ్యం క్షీణించింది, ఊపిరితిత్తుల క్యాన్సర్. మొదటి మ్యాచిలోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. మళ్ళీ వెనుక వరస మీద తిట్ల వాన కురవాల్సిన సమయం. తరువాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో గెలిచారు గాని, థాయ్‌లాండ్ మ్యాచిలో జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. జర్నైల్ సింగ్ అంటే మన రక్షణకు కోట గోడ. తలకు కట్టుతో బ్యాకు ఎట్లా ఆడతాడు? ఎదుటివాళ్ళు గాలిలో వేసే ప్రతి బంతినీ బ్యాకు తలతో కొట్టి తీరాలి, వద్దనుకునే వీలు లేదు. ఆడించకుండా కూర్చోబెట్టడం మామూలు మనిషి చేసే పని. రహీం సాబ్ ఆయనను తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డుగా నిలబెట్టారు! కాలేజీ రోజుల్లో జర్నైల్ ఫార్వర్డుగా ఆడిన సంగతి వేరు, కోట గోడను ఊడబీకి ఎదుటివాడి కోట మీదికి తోయడం వేరు. దీనికి గుండె ఎంత కావాలో, వెనుక మిగిలినవారి మీద నమ్మకమూ అంత కావాలి. అరుణ్ ఘోష్, చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్ ఆ భారం మోశారు. సెమీ ఫైనల్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటినప్పుడు జర్నైల్ ఒక గోలు కొట్టాడు.

సెప్టెంబర్ 4న ఫైనల్. మళ్ళీ అదే దక్షిణ కొరియా. స్టేడియంలో లక్షమంది దాకా జనం, అందరూ మనకు వ్యతిరేకం. ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వనందుకు భారతదేశపు ప్రతినిధి సోంధి గారు అభ్యంతరం చెప్పగా అక్కడివారు మండిపడి ఉన్నారు. మన ఆటగాళ్ళ కాలికి బంతి తగిలితే చాలు, హేళన. ఆనాడు మన జట్టును కేకలు వేసి ఉత్సాహపరిచింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళట! పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ, ఇరవయ్యో నిమిషంలో తల కట్టుతోనే జర్నైల్ సింగ్. రెండు గోల్స్ అయిపోయాయి. ఇక మిగిలింది డెబ్బయి నిమిషాలు కాచుకోవడం. కొరియావాళ్ళు అలల మాదిరి వచ్చిపడ్డారు. ఎనభై నిమిషాలు దాటే దాకా గోలు పడలేదు. పడిన ఆ ఒక్కటీ ఆలస్యంగా పడింది. 2-1. ఫుట్‌బాల్‌లో ఆసియా స్వర్ణం రెండవసారి. హెల్సింకి నుంచి జకార్తా దాకా పదేళ్ళు పట్టింది.

తొమ్మిది నెలల తరువాత, 1963 జూన్ 11న రహీం గారు పరమపదించారు. వయసు 53. ఆయన మలచిన ఆటగాళ్ళు 1964 ఆసియా కప్పులో రెండవ స్థానం తెచ్చారు, 1970 బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చింది, స్వర్ణం మాత్రం మళ్ళీ రాలేదు. ఆయన కుమారుడు హకీం రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడు, తరువాత అంతర్జాతీయ రిఫరీ. 2021లో ఆయనా పోయారు. 2024లో రహీం గారి మీద మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది. చాలామంది హైదరాబాదు వాళ్ళకు కూడా ఈ మనిషి మన ఊరివాడని అప్పుడే తెలిసింది.

నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి మాత్రం తులసీదాస్ బలరాం చెప్పేది. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పేదింటి పిల్లవాడు. రహీం సాబ్ అతని ఆట చూసి ప్రాక్టీసుకు నగరానికి రమ్మన్నారు. రావడానికి డబ్బులు లేవన్నాడు కుర్రవాడు. అయితే సైకిలు అద్దెకు తీసుకో, అద్దె నేనిస్తానన్నారట మాస్టారు. రోజుకొక రూపాయి. ఆ అద్దె సైకిలు మీద వచ్చిన పిల్లవాడే 1956లో మెల్‌బోర్న్ వెళ్ళాడు, 1962లో జకార్తా ఫైనల్‌లో ఎడమ పక్కన ఆడాడు. 2023లో కలకత్తాలో కన్నుమూసే నాటికి ఎనభై ఆరేళ్ళు. ఆ రూపాయి సంగతి అడిగినవాళ్ళందరికీ చెప్పేవాడు.